పెరటి కథకు దొరికిన రంగు
(స్మారకోపన్యాస పాఠం)

 నాకు బొమ్మ వేయడం నేర్పిన మాస్టారు బతికి ఉండగా తన పేరు సభల్లో వినిపించడానికి ఒప్పుకునేవారు కారు. అచ్చుకు వెళ్లే ఈ పాఠంలో కూడా ఆయన ఇష్టాన్ని పాటించి మాస్టారనే అంటాను. ఉన్నత పాఠశాలలో డ్రాయింగు చెప్పి, పింఛను పుచ్చుకుని, సొంత ఊళ్లోనే కన్నుమూసిన మనిషి ఆయన. ఆయన స్మృతిలో జరిగే ఈ ఉపన్యాసానికి నిర్వాహకులు నన్ను పిలిచారు.

ఏం మాట్లాడాలా అని ఆలోచిస్తుండగా మాస్టారి అమ్మాయిగారు ఒక రేకు డబ్బా తెచ్చి నా చేతిలో పెట్టారు. అందులో అరచేతిలో ఇమిడే రీలు ఒకటి ఉంది. 8 మి.మీ. ఫిలిం, యాభై అడుగులు. ప్రొజెక్టర్ మీద నడిపిస్తే నాలుగు నిమిషాలకు అయిపోతుంది. నేను దాన్ని నడిపించలేదు, పాత ఫిలింకు పళ్లచక్రం హాని చేస్తుందన్న భయంతో. కిటికీ దగ్గర కూర్చుని, అంచులు పట్టుకుని, వెలుతురుకు అడ్డంగా పెట్టి భూతద్దంతో ఒక్కొక్క ఫ్రేమే చూశాను. ఒక్కో బొమ్మ పెసరగింజంత. పెరట్లో బావి గట్టు, దండెం మీద వరసగా వేలాడదీసిన అట్టముక్కల చేపలు, పక్కన గడ్డిమోపు. ఎర్ర లంగా కట్టుకున్న ఒక పిల్ల చేప వైపు వంగి ఏదో అడుగుతోంది. మనందరికీ తెలిసిన ఏడు చేపల కథ అది. ఇన్నేళ్లయినా ఆ లంగా ఎరుపు ఎరుపులాగే ఉంది. వేటకు వెళ్లిన రాజకుమారుల వేషాలు వీధి పిల్లలే కట్టారు. కిరీటాలు మాస్టారు స్వయంగా కత్తిరించినవని అమ్మాయిగారు చెప్పారు. ఫిలింను పోస్టులో పంపి, కడిగి తిరిగి వచ్చేదాకా నెలల తరబడి ఎదురు చూశారట. ఎవరూ చేయమనలేదు, ఎవరూ డబ్బివ్వలేదు, ఏ హాల్లోనూ ఆడలేదు. గోడ మీద దుప్పటి కట్టి ఇంటివాళ్లకూ ఇరుగుపొరుగుకూ చూపించారు.

ఈ రోజు నేను చెప్పదలచుకున్నది ఆ దుప్పటి గురించే. వెండితెర జానపద కథను తీసుకుని పెద్దది చేసిందని మనం పదే పదే చెప్పుకుంటాం. అది నిజమే. కాని జానపద కథలో సగానికే అది నిజం. ఇంకొక సగం, అంటే అమ్మమ్మ చెప్పే సగం, పెద్ద తెర మీదికి వెళ్లలేదు. వెళ్లగలిగేదీ కాదు. దానికి తగిన యంత్రం ఇరవయ్యో శతాబ్దంలో ఒక్కటే వచ్చింది. అది ఇంట్లో వాడుకునే చిన్న ఫిలిం, అందులోనూ రంగుల ఫిలిం. ఆ చిన్న ఫిలింకు ఉన్న పరిమితులూ పెరటి కథకు పుట్టుకతో ఉన్న లక్షణాలూ ఒకదానికొకటి అచ్చుగుద్దినట్టు సరిపోయాయని నా వాదం.

సగం అని ఎందుకంటున్నానో ముందు చెప్పాలి. ఎ.కె. రామానుజన్ కన్నడ జానపదాన్ని పరిశీలిస్తూ 1986లో వచ్చిన ఒక వ్యాసంలో రెండు లోకాలను విడదీశారు. ప్రాచీన తమిళ కవిత్వం నుంచి అకం, పురం అనే మాటలు తీసుకుని, ఇంటిలోపలి కథలను ఒక వైపు, వీధిలో వృత్తిగాయకులు పాడే కథలను ఇంకో వైపు పెట్టారు. ఇంటి కథ వంటగదిలో పుడుతుంది. పిల్లలకు అన్నం కలిపి పెడుతూనో, నిద్రపుచ్చుతూనో ఆడవాళ్లు చెబుతారు. అందులో మనుషులకు పేర్లుండవు. ఒక రాజు, ఒక ముసలమ్మ, చిన్న కోడలు, అంతే. ఊరికీ పేరుండదు. అదే కథ వీధిలోకి వచ్చి, డోలూ తంబురా అందుకుని, జనం ముందు నిలబడగానే మనుషులకు పేర్లు వస్తాయి, ఊళ్లు వస్తాయి, కులగోత్రాలూ వంశాలూ వస్తాయి.

ఈ విభజన మన తెలుగుకు అక్షరాలా వర్తిస్తుంది. అనగనగా అని మొదలయ్యే కథలోని పేదరాశి పెద్దమ్మకు సొంత పేరు ఎవరైనా విన్నారా? బుర్రకథలోని బాలనాగమ్మకు పేరుంది, ఆమెను ఎత్తుకుపోయినవాడికి మాయల మరాఠీ అని పేరుంది. 1942లో సినిమాగా వచ్చింది ఆ బాలనాగమ్మే. 1951లో కె.వి. రెడ్డి తీసిన 'పాతాళభైరవి'కి మూలం మధిర సుబ్బన్న దీక్షితుల కాశీమజిలీ కథల్లో ఉంది. తోటరాముడు, నేపాళ మాంత్రికుడు అన్న పేర్లు ఇవాళ్టికీ తెలుగు పిల్లల నోట ఉన్నాయి. మన జానపద చిత్రం వీధి కథకు వారసురాలు. దానికి జనం కావాలి, డప్పు కావాలి, పేరు కావాలి. ఆ వారసత్వాన్ని అది గొప్పగా నిలబెట్టింది. నేను దాన్ని తక్కువ చేయడం లేదు. అకం కథ ఎక్కడికి పోయిందన్నదే నా ప్రశ్న.

దానికి జవాబు వెతకడానికి కాస్త వెనక్కి వెళ్లాలి. సినిమా పుట్టిన మొదటి పాతికేళ్లూ ఇంటివాళ్లకు అందనిదే. 35 మి.మీ. ఫిలిం నైట్రేట్ మీద తయారయ్యేది. అది నిప్పు తగిలితే భగ్గుమంటుంది, ఆర్పడం కష్టం. పిల్లలు తిరిగే గదిలో పెట్టుకోదగ్గ వస్తువు కాదు. ఫ్రాన్సులో పాతే సంస్థ 1922లో 9.5 మి.మీ. ఫిలింను, మరుసటి ఏడాది అమెరికాలో ఈస్ట్‌మన్ కోడక్ 16 మి.మీ. ఫిలింను తెచ్చాయి. 16 మి.మీ. ఫిలిం మొదటి నుంచీ అంత సులువుగా అంటుకోని ఎసిటేట్ మీదే వచ్చింది. కెమెరా, ప్రొజెక్టర్, స్టాండు, తెర కలిపి కోడక్ మొదట పెట్టిన ధర 335 డాలర్లు. ఆ రోజుల్లో దానికన్నా తక్కువకు ఫోర్డు కారు వచ్చేది. కాబట్టి తొలి ఔత్సాహికులు కలవారే. 1932లో, ఆర్థికమాంద్యం నడిమధ్యలో, 8 మి.మీ. వచ్చింది. 16 మి.మీ. ఫిలింనే ఒకసారి ఒక పక్కన, తిప్పి పెట్టి ఇంకో పక్కన తీసి, కడిగాక నిలువునా చీల్చి అతికించే ఏర్పాటు అది. కెమెరా 29 డాలర్ల 50 సెంట్లకు వచ్చింది. గుమాస్తాలూ బడిపంతుళ్లూ సినిమా తీయడం అప్పటి నుంచే. అంతకు ముందే, 1926లో, హైరమ్ పెర్సీ మాక్సిమ్ అమెరికాలో అమెచ్యూర్ సినిమా లీగ్ స్థాపించాడు. దానికి సొంత పత్రిక కూడా ఉండేది. ఇంటి కెమెరాతో కళ చేయవచ్చునన్న మాట అలా మొదలైంది.

తరువాత వచ్చింది రంగు. లియొపోల్డ్ మానెస్, లియొపోల్డ్ గొడావ్‌స్కీ అనే ఇద్దరు సంగీత విద్వాంసులు, ఒకరు పియానో, ఒకరు వయొలిన్, బాల్యం నుంచీ రంగుల ఫొటోగ్రఫీ మీద ప్రయోగాలు చేస్తూ చివరికి కోడక్ పరిశోధనాలయంలో చేరి సాధించినది కోడాక్రోమ్. 1935 ఏప్రిల్‌లో అది మార్కెట్లోకి వచ్చింది, అదీ 16 మి.మీ. సినిమా ఫిలింగానే వచ్చింది. మూడు రంగుల టెక్నికలర్‌లో పూర్తిగా తీసిన తొలి హాలీవుడ్ కథాచిత్రం 'బెకీ షార్ప్' విడుదలైంది కూడా అదే ఏడాది జూన్‌లో. అంటే పెద్ద స్టూడియోకూ సామాన్యుడి ఇంటికీ నిండు రంగు ఇంచుమించు ఒకేసారి చేరింది. మన దగ్గర పూర్తిగా రంగుల్లో వచ్చిన తొలి తెలుగు చిత్రం 'లవకుశ' 1963 నాటిది. ఈ 28 ఏళ్ల తేడా చూస్తే ఒక గృహస్థు చేతిలోని చిన్న డబ్బాలో ఎంత శక్తి ఉండేదో అర్థమవుతుంది.

ఆ శక్తిని ఒక యువకుడు ఎలా వాడాడో ఇప్పుడు చూద్దాం. రే హ్యారీహౌసెన్ 1920 జూన్ 29న లాస్ ఏంజలిస్‌లో పుట్టాడు. 1933లో హాలీవుడ్‌లోని గ్రామన్స్ చైనీస్ థియేటర్‌లో 'కింగ్ కాంగ్' చూశాడు. అందులోని కోతి ఎలా కదిలిందన్న ప్రశ్న అతన్ని జీవితాంతం వదలలేదు. బొమ్మను పట్టి వెంట్రుకవాసి జరిపి ఒక ఫ్రేము, మళ్లీ జరిపి ఒక ఫ్రేము, ఇలా తీసుకుంటూ పోయే స్టాప్ మోషన్ అది. తెలుసుకున్నాడు, ఇంట్లోనే మొదలుపెట్టాడు. మొదట చేసిన ఎలుగుబంటికి చర్మం కావలసి వచ్చి వాళ్లమ్మ పాత బొచ్చుకోటును కత్తిరించాడు. 'కింగ్ కాంగ్' బొమ్మలను కదిలించిన విలిస్ ఓబ్రయన్‌ను కలిసి తన రాక్షసబల్లులను చూపిస్తే, ముందు శరీరశాస్త్రం నేర్చుకో, ఈ కాళ్లలో ఎముకా కండా ఎక్కడున్నాయి అన్నట్టుగా ఆయన మందలించాడు. కుర్రవాడు వెళ్లి నేర్చుకున్నాడు. తర్వాత 16 మి.మీ. కోడాక్రోమ్ మీద సృష్టి పరిణామం మొత్తం తీయాలని పూనుకున్నాడు. 1940లో డిస్నీ 'ఫాంటాసియా'లో అదే విషయాన్ని అంత బ్రహ్మాండంగా చూపించేసరికి తన ప్రయత్నాన్ని విరమించుకున్నాడు.

ఈ విరమణ దగ్గర నేను కాసేపు ఆగాలనుకుంటాను. పెద్ద కథను పెద్దవాడు పెద్ద తెర మీద చెప్పేశాక చిన్నవాడికి మిగిలింది ఏమిటి? యుద్ధం వచ్చింది. అతను సైన్యంలో ఫ్రాంక్ కాప్రా కింద సినిమా విభాగంలో పనిచేశాడు. యుద్ధం ముగిసి ఇంటికి వచ్చేసరికి చేతిలో ఉద్యోగం లేదు. మిలిటరీ వాళ్లు పారేస్తున్న, గడువు దాటిన 16 మి.మీ. కోడాక్రోమ్ సుమారు వెయ్యి అడుగులు అతనికి దొరికింది. 16 మి.మీ. ఫిలింలో అడుగుకు 40 ఫ్రేములు. వెయ్యి అడుగులంటే 40,000 ఫ్రేములు. సెకనుకు 24 చొప్పున నడిపిస్తే 28 నిమిషాలు కూడా రాదు. ఆ కాస్తలో ఇమిడేది ఏ కథ? సృష్టి పరిణామం ఇమడదు. అమ్మ చెప్పిన కథ ఇముడుతుంది.

అలా 1946లో అతను ఇంగ్లిషు పిల్లల ఇంటింటి పాటలను తీసుకుని 'మదర్ గూస్ స్టోరీస్' తీశాడు. ఆ వెనక గ్రిమ్ సోదరుల సంపుటాల్లోనూ ఉన్న ఎర్రటోపీ పిల్ల, గోపురంలో బందీ అయిన పొడుగు జడల రపన్జెల్, అడవిలో తప్పిపోయిన అన్నాచెల్లెళ్లు హాన్సెల్, గ్రెటెల్ వచ్చారు. చివరికి ముట్టుకున్నదల్లా బంగారమయ్యే మైడాస్ రాజు 1953లో వచ్చాడు. ఒక్కొక్కటీ పది నిమిషాల చిత్రం. తండ్రి ఫ్రెడ్ వృత్తిరీత్యా యంత్రాల పనివాడు. బొమ్మ లోపల ఉండే లోహపు అస్థిపంజరాన్ని, దాని గుండ్రటి కీళ్లను ఆయన తిప్పి ఇచ్చేవాడు. తల్లి మార్తా బొమ్మలకు బట్టలు కుట్టేది. కథారచనకు షార్లెట్ నైట్ అనే స్నేహితురాలు తోడైంది. పని జరిగింది ఇంటి గ్యారేజీలో. కొడుకు తరువాత ప్రపంచ ప్రఖ్యాతుడై లండన్‌లో స్థిరపడినా తండ్రి ఆ కీళ్లు చేసి పంపుతూనే ఉన్నాడు.

ఇక్కడ ఒక సాంకేతిక విషయం చెప్పకుండా ముందుకు వెళ్లలేను. బొమ్మ ముఖంలో కోపం, భయం, నవ్వు ఎలా మారాలి? అతను ఒక్కో పాత్రకు వేర్వేరు భావాలతో వేర్వేరు తలలు చేసి పెట్టుకున్నాడు. ఒక తల మీద కెమెరాను మెల్లగా మూస్తూ, ఫిలింను వెనక్కి తిప్పి, అదే ఫ్రేముల మీద రెండో తలను మెల్లగా తెరుస్తూ తీసేవాడు. ముఖం ఒక భావం నుంచి ఇంకో భావంలోకి కరిగినట్టు కనిపించేది. ఇదంతా కెమెరాలోనే జరగాలి. పొరపాటు జరిగితే ఆ ఫిలిం పోయినట్టే. అయితే ఒక అనుకూలం కూడా ఉంది. కోడాక్రోమ్ చాలా మందకొడి ఫిలిం, బోలెడంత వెలుతురు కావాలి. పరుగెత్తే పిల్లవాణ్ణి ఇంట్లో తీయాలంటే అది పెద్ద ఇబ్బంది. కదలని బొమ్మకు ఆ ఇబ్బంది లేదు. షట్టర్‌ను ఎంతసేపు కావాలంటే అంతసేపు తెరిచి ఉంచవచ్చు. ఫిలింలోని లోపం బొమ్మలాటకు లోపం కాకుండా పోయింది.

ఇక నా వాదానికి ఆయువుపట్టు అయిన దగ్గరికి వస్తున్నాను. డెన్మార్క్ జానపద పండితుడు ఆక్సెల్ ఓల్రిక్ 1909లో ప్రకటించిన ఒక వ్యాసంలో నోటి కథ పాటించే కొన్ని సూత్రాలను గుర్తించాడు. వాటిలో ఒకటి, ఒక సన్నివేశంలో ఒకేసారి ఇద్దరికి మించి మాట్లాడరని. తోడేలూ పిల్లా, తోడేలూ అవ్వా, అంతే. మూడో మనిషి వస్తే ఇద్దరిలో ఒకరు తప్పుకుంటారు. చెప్పేవాళ్లకు గొంతు ఒక్కటే, వినేవాళ్లకు గుర్తుంచుకునే శక్తికి హద్దుంది కనుక అలా అయి ఉంటుంది. ఇప్పుడు గ్యారేజీలో ఒంటరిగా బొమ్మలను కదిలించే యువకుణ్ణి తలచుకోండి. అతనికున్నవి రెండు చేతులు. ప్రతి బొమ్మనూ ప్రతి ఫ్రేముకూ తానే జరపాలి. మూడు బొమ్మలు ఒకేసారి కదిలే సన్నివేశం పెట్టుకుంటే ఏ బొమ్మ చేయి ఎంత లేచిందో మనసులో నిలుపుకోవడం ఎంత కష్టమో చేసినవాళ్లకే తెలుసు. 1963లో అతనే 'జేసన్ అండ్ ది ఆర్గొనాట్స్'లో ఏడు అస్థిపంజరాలతో కత్తియుద్ధం చేయించినప్పుడు కొన్ని నిమిషాల ఆ సన్నివేశానికి నాలుగు నెలలకు పైగా పట్టింది. అది స్టూడియో డబ్బుతో అయిన పని. ఇంటి ఫిలింకు ఇద్దరే తగినవారు. అమ్మమ్మకు ఒకే గొంతు ఉండటంతో పుట్టిన సూత్రమే బొమ్మలవాడికి రెండే చేతులు ఉండటంతో మళ్లీ ప్రాణం పోసుకుంది.

మాస్టారి రీలులోనూ ఇదే చూశాను. చేపా గడ్డిమోపూ, గడ్డిమోపూ ఆవూ, ఆవూ పాలేరూ, పాలేరూ అవ్వా. చివరికి ఏడ్చే పిల్లవాడూ వాణ్ణి కుట్టిన చీమా. ఎక్కడా మాట్లాడేవాళ్లు ఇద్దరికి మించి లేరు. ఆయన ఓల్రిక్‌ను చదివి ఉండరు. కథే ఆయనకు ఫ్రేము కట్టి ఇచ్చింది.

స్విట్జర్లాండ్ విమర్శకుడు మాక్స్ ల్యూతీ 1947లో యూరప్ జానపద కథ రూపం మీద ఒక గ్రంథం ప్రచురించాడు. జానపద కథ దేన్నీ వర్ణించదని, పేరు చెప్పి వదిలేస్తుందని, అది ఇష్టపడేవి కలగాపులగం కాని తేట రంగులనీ అతను గమనించాడు. ఎరుపు, తెలుపు, నలుపు, ఆపైన బంగారం, వెండి. అడవి పచ్చదనంలోని ఛాయలను కథ పట్టించుకోదు. కోడాక్రోమ్ ఫిలింను వెలుతురులో పెట్టి చూసినవాళ్లకు ఈ మాట వెంటనే అర్థమవుతుంది. దాని ఎరుపు నిండుగా, గట్టిగా, అంచులు కట్టినట్టు ఉంటుంది. నీడల్లోని సన్నటి తేడాలను అది అంతగా పట్టించుకోదు. చర్మఛాయలు, మబ్బుల సొంపు కావలసిన ఛాయాగ్రాహకుడికి అది లోపంగా తోచవచ్చు. ఎర్రటోపీకీ, బంగారపు మైడాస్‌కూ అంతకన్నా తగిన ఫిలిం ఏది?

మన వాళ్లకు ఇది కొత్త సంగతి కాదు. ధర్మవరం దగ్గర నిమ్మలకుంటలో తోలుబొమ్మలు చేసే ఇళ్లకు వెళితే చూడవచ్చు. మేకతోలును గీకి, నానబెట్టి, వెలుతురు దూరేంత పల్చన చేసి, దాని మీద తేట రంగులు నింపుతారు. వెనక దీపం పెడితే ముందున్న తెల్లపంచె మీద రంగుల నీడ పడుతుంది. ఫిలిం కూడా అంతే కదా. ఆ రంగులు నిలిచేది జెలటిన్ పూతలో. జెలటిన్ వచ్చేది పశువుల తోలు, ఎముకల నుంచి. పల్చని పొరలో రంగు, వెనక దీపం, ముందు గుడ్డ. తోలుబొమ్మలాట వీధి కళే, పురం లోకానిదే, అందులో సందేహం లేదు. కాని గోడ మీద దుప్పటి కట్టినప్పుడు మాస్టారు ఒక కొత్త విదేశీ యంత్రాన్ని ఇంట్లోకి తెచ్చారనుకోవడం కన్నా, చాలాకాలంగా ఊరి బయట ఆడుతున్న దీపాన్ని పెరట్లోకి తెచ్చుకున్నారనుకోవడం నాకు న్యాయంగా తోస్తుంది.

హ్యారీహౌసెన్‌ను ఔత్సాహికుడనవచ్చా అని కొందరు అడగవచ్చు. ఆ చిత్రాలు తరువాత అమెరికా బడుల్లో ఆడాయి, అతనికి కొంత డబ్బూ వచ్చింది, పేరూ వచ్చింది. ఒప్పుకుంటాను. కాని చేసేనాటికి చేయించినవాడు లేడు, జీతం లేదు, అమ్మానాన్నలే సిబ్బంది. పెద్దయ్యాక అతనే వినయంగా ఆ చిత్రాలను పళ్లు వచ్చే పసిపాప కొరికే రింగుతో పోల్చుకున్నాడు. ఈ ఒక్క విషయంలో నేను అతని మాట ఒప్పుకోను. 1958 నాటి 'సెవెన్త్ వాయేజ్ ఆఫ్ సింద్‌బాద్' అతని తొలి రంగుల కథాచిత్రం. సింద్‌బాద్‌కు పేరుంది, బాగ్దాదుకు పేరుంది, అది వీధి కథ. అందులో అతని హస్తవాసి మహత్తరమే. అయినా హాన్సెల్, గ్రెటెల్ అడవిలో నడిచే ఆ చిన్న చిత్రంలో ఉన్న నిశ్శబ్దం మళ్లీ అతని పెద్ద చిత్రాల్లో నాకు కనిపించలేదు. ఒక ఇంటి పని ఒక ఇంటి కథకు సరిపోయినప్పుడే అలాంటి నిశ్శబ్దం వస్తుందని నా నమ్మకం.

కథకు ఇంకొక లక్షణం ఉంది. అది ఒకరు ఆపిన చోట ఇంకొకరు అందుకుంటారు. 1952లో హ్యారీహౌసెన్ తాబేలూ కుందేలూ కథ మొదలుపెట్టాడు. కొన్ని నిమిషాలు తీశాక పెద్ద సినిమా పని వచ్చి పక్కన పెట్టాడు. మళ్లీ తీయలేదు. అర్ధ శతాబ్దం గడిచింది. మార్క్ కబలేరో, షేమస్ వాల్ష్ అనే ఇద్దరు యువ కళాకారులు ఆయన అనుమతితో, ఆయన పర్యవేక్షణలో, ఆ పాత బొమ్మలనే బాగుచేసుకుని మిగతా కథ తీశారు. 2002లో చిత్రం పూర్తయింది. ఎక్కడ మొదటి చేయి ఆగింది, ఎక్కడ రెండో చేయి మొదలైంది అన్నది ప్రేక్షకులకు పట్టుబడకూడదని వాళ్లు పడిన శ్రమ, నా దృష్టిలో, జానపద కథకుడి శ్రమే. అమ్మమ్మ చెప్పిన కథను అమ్మ చెప్పేటప్పుడు అతుకు తెలియదు.

కాని నోటి కథకూ ఫిలిం కథకూ ఒక భయంకరమైన తేడా ఉంది. నోటి కథ ఒకరితో పోదు, పదిమంది నోళ్లలో ఉంటుంది. కోడాక్రోమ్ రివర్సల్ ఫిలిం. కెమెరాలో పెట్టినదే కడిగాక ప్రొజెక్టర్‌కు ఎక్కుతుంది. నెగెటివ్ ఉండదు. ప్రింటు ప్రత్యేకంగా తీయించుకుంటే తప్ప రెండో ప్రతి ఉండదు. మాస్టారి ఏడు చేపల కథ ఈ ప్రపంచంలో ఒక్క చోటే ఉంది, ఆ రేకు డబ్బాలో. డబ్బా పోతే ఆ కథ అలా ఇక లేదు.

ఇందులోనే ఊరట కూడా ఉంది. 1938లో కడిగే పద్ధతిని మార్చిన తరువాతి కోడాక్రోమ్ రంగులు చీకట్లో ఉంచితే దశాబ్దాలపాటు చెక్కుచెదరవు. 1950 తరువాత పెద్ద సినిమాలకు వాడిన రంగుల ప్రింట్లు ఎన్నో పాలిపోయి వట్టి గులాబీ ఛాయలో మిగిలాయి. స్టూడియోల రంగు వెలిసిపోతుండగా ఇంట్లో తీసిన రంగు నిలిచింది. అమెరికాలో రెండో ప్రపంచ యుద్ధకాలంలో జపాను సంతతివారిని నిర్బంధించిన టొపాజ్ శిబిరంలో డేవ్ తత్సునో అనే బందీ రహస్యంగా తీసిన 8 మి.మీ. రంగుల ఫిలింను 1996లో ఆ దేశపు జాతీయ చలనచిత్ర జాబితాలో చేర్చారు. ఇంటి ఫిలిం కూడా జాతి సంపదేనని అక్కడ ఒప్పుకున్నారు. హ్యారీహౌసెన్ బొమ్మలు, గీతలు, ఫిలింలు సుమారు 50,000 వస్తువులు ఆయన పేరిట ఉన్న ఫౌండేషన్ సంరక్షణలో ఉన్నాయి. ఆయన 2013 మే 7న లండన్‌లో కన్నుమూశాడు. కోడాక్రోమ్ ఫిలిం అంతకు ముందే కనుమరుగైంది. కోడాక్రోమ్‌ను కడిగే చిట్టచివరి లాబొరేటరీ, కాన్సాస్ రాష్ట్రంలోని పార్సన్స్‌లో ఉన్నది, 2010 డిసెంబర్ చివర్లో ఆ పని ఆపేసింది. రంగులు ఫిలింలో ముందే ఉండవు, కడిగేటప్పుడు పొరపొరకూ ఎక్కించాలి. కనుక ఇక ఎవరైనా పాత ఫిలిం తీసి కెమెరాలో పెట్టినా దాని రంగు బయటికి తేగల లాబొరేటరీ లేదు. ఉన్నవే ఉన్నవి.

మన తెలుగు నాట బిరుదురాజు రామరాజు గారి వంటి పరిశోధకులు ఊరూరా తిరిగి పాటలు సేకరించి జానపదానికి విశ్వవిద్యాలయాల్లో చోటు సంపాదించారు. పాటను కాగితం మీదికి తెచ్చుకున్నాం, తరువాత టేపు మీదికీ తెచ్చుకున్నాం. ఇళ్లల్లో జనం స్వయంగా తీసుకున్న ఫిలింను మాత్రం సేకరించదగ్గదిగా చూడలేదు. పెళ్లి ఊరేగింపు, బొమ్మలకొలువు, సంక్రాంతి గొబ్బిళ్లు, మనవరాలికి కథ చెబుతున్న నాయనమ్మ, ఇవన్నీ ఎన్ని అటకల మీద ఎన్ని డబ్బాల్లో ఉన్నాయో.

కాబట్టి ఈ సభకు వచ్చిన మిమ్మల్ని ఒక్కటి కోరి ముగిస్తాను. ఇంటికి వెళ్లాక అటక మీద వెతకండి. చిన్న రీలు దొరికితే ప్రొజెక్టర్‌లో పెట్టి నడిపించకండి. ఎండ తగిలే గోడ దగ్గరా, వంటింటి వేడి దగ్గరా పెట్టకండి. డబ్బా తెరిచినప్పుడు పుల్లటి వాసన వస్తే ఫిలిం చెడడం మొదలైందని గుర్తు, అలాంటిదాన్ని మిగతావాటి నుంచి వేరుగా పెట్టండి. ఎవరో కంప్యూటర్లోకి ఎక్కించి ఇచ్చారని అసలు రీలును పారేయకండి, ఎంత మంచి నకలైనా నకలే. ఆ రీలులో ఉన్నవాళ్లు ఎవరో, అది ఎవరి పెరడో, ఏ కథో, తెలిసినవాళ్లు ఉండగానే అడిగి ఒక కాగితం మీద రాసి డబ్బాలో పెట్టండి. మాస్టారి రీలుకు ఆ కాగితం నేను పోయిన వారమే రాసి పెట్టాను. ఎర్ర లంగా కట్టుకున్న ఆ పిల్ల ఇవాళ ఇదే సభలో మూడో వరసలో కూర్చున్నారు.